పాత ఇంటి జీర్ణోద్ధారము



సంక్రాంతి పండుగకు వచ్చిన పిల్లలు తిరిగి వెళ్లుటకు మూటలు కట్టుకొను వేళకు మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల గ్రామములలో ఇంచుమించు ప్రతి యింటను ఒక చర్చ జరుగుచుండును. ఈ పాత యిల్లు పడగొట్టి శ్లాబు వేయింతుమా, లేక బాగుచేయించి నిలుపుకొందుమా అనునదే ఆ చర్చ. విశాఖపట్టణము నుండియు హైదరాబాదు నుండియు వచ్చిన కుమారులు ఒక మాట చెప్పుదురు. ఆ యింట పుట్టి పెరిగిన ముసలివారు మరియొక మాట చెప్పుదురు. తాపీ మేస్త్రీ మూడవ మాట చెప్పును. తుదకు సొమ్ము ఎవరి చేతిలో నున్నదో వారి మాట చెల్లును. ఇల్లెట్టిది, దానికి వచ్చిన రోగమెట్టిది, ఇకముందు అందులో కాపురముండువారెవరు అను మూడు సంగతులను ముందుగా విచారించువారు అరుదు.

నేనును విచారింపలేదు. చిరకాలము బడిలో తెలుగు పాఠములు చెప్పి 2017వ సంవత్సరమున పదవి విరమించితిని. చేతికి వచ్చిన సొమ్ముతో ఇల్లు బాగుచేయించ బూనితిని. అందు నేను చేసిన తప్పులను, వాని వలన కలిగిన కష్టమును, తరువాత దిద్దుకొన్న విధమును మీకు చెప్పుటయే నేటి నా ప్రసంగము. నా తప్పు మరియొకరికి పాఠమైన చాలును.

మాది టెక్కలి ప్రాంతమున నొక గ్రామము. మన ప్రాంతపు ఇండ్ల తీరు మీరెరుగనిది కాదు. వీథికి ఇరుప్రక్కల ఇండ్లు ఒకదానినొకటి ఆనుకొని వరుసగా నుండును. పొరుగింటికిని మనకును నడుమ ఉమ్మడి గోడ. వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. ముందు వీథి అరుగు, దాని వెనుక సావిడి, ఆ వెనుక నడిమి గది, గాదె గది, వంటిల్లు, పిమ్మట పెరడు, నుయ్యి, పశువుల శాల. ఒక గది దాటియే మరియొక గదిలోనికి పోవలెను. ప్రక్క గోడలకు కిటికీలు పెట్టుటకు వీలులేదు. వెలుతురు ముందునుండియో వెనుకనుండియో రావలసినదే కావున, నడిమి గదిలో పట్టపగలైనను దీపము కావలసి యుండును.

ఇది తెలివిమాలిన కట్టడమని తలపరాదు. ఆనుకొని యున్న యిండ్లు ఒకదానికొకటి బలము. ప్రక్క గోడలకు ఎండ తగులదు, తుఫాను గాలి తగులదు. అడుగున్నర, రెండడుగుల మందముగల మట్టిగోడను దాటి పగటి వేడి లోపలికి చేరునప్పటికి ప్రొద్దు గ్రుంకును. చీకటి గది ధాన్యమునకు మంచి తావు. మన తీరమునందలి పల్లెలలో చుట్టిండ్లను చూచిన పెద్దలు మీలో ఎందరో యుందురు. గుండ్రని గోడ, నేలకు చేరువగా దిగిన చూరు, కూచిగా పైకి లేచిన తాటియాకు కప్పు. గాలికి పట్టు దొరకని ఆకారమది. మన పూర్వులు పుస్తకము చూచి కట్టలేదు గాని, గాలిని, వానను, ఎండను చూచి కట్టిరి.

అయితే ఆ యిల్లు ఎవరికొరకు కట్టిరి? మా తాతగారి కాలమున ఆ కప్పు క్రింద పదునలుగురు ఉండెడివారు. గాదె నిండ ధాన్యము, శాల నిండ పశువులు. నేను పదవి విరమించు నాటికి ఆ యింట మిగిలినవారము ముగ్గురము: ఎనుబదియేండ్లు దాటిన మా అమ్మ, నా భార్య, నేను. గాదె వట్టిది, శాల వట్టిది. ఇంటి గోడలు మారలేదు, ఇంటిలోని మనుష్యులు మారిరి. ఈ సంగతి నాకు ముందుగా తోచి యుండవలసినది.

సంస్కృతమున జీర్ణోద్ధారమను మాట కలదు. శిథిలమైన దానిని మరల నిలుపుట అని దాని యర్థము. మయమతమను శిల్పశాస్త్ర గ్రంథమున ఇట్టి పనికొరకు ప్రత్యేకముగ ఒక అధ్యాయమే యున్నది. అది ముఖ్యముగ దేవాలయములను ఉద్దేశించినదైనను, అందలి భావము మన యింటికిని చెల్లును. వైద్యుడు నాడి చూచి మందిచ్చునట్లు, ముందుగా కట్టడమును పరీక్షించి, ఏది నిలుపదగినది, ఏది తీసివేయదగినది అని నిర్ణయించుకొని, పిమ్మట చేయి వేయవలెను. నేను ఈ గ్రంథముల పేర్లు పిల్లలకు చెప్పితిని గాని, నా యింటి విషయమున నాడి చూడకయే మందు వేసితిని.

మొదటి తప్పు గోడలకు చేసితిని. మట్టిగోడలు అక్కడక్కడ పెచ్చులూడుచుండెను. పట్టణపు ఇండ్లవలె నున్నగా నుండవలెనని సిమెంటు పూత పూయించితిని. పని మొదలిడిన దినముననే మా ఊరి వృద్ధ మేస్త్రీ ఒకడు అరుగుపై కూర్చుండి, "మేష్టారూ, మట్టిగోడ తడి పీల్చాల, మళ్లీ వదలాల. సిమెంటు పూస్తే తడి లోపలే ఉండిపోద్ది" అనెను. అతడు చదువుకొన్నవాడు కాడని ఆ మాట పెడచెవిని పెట్టితిని.

అతడు చెప్పినదే నిజమయ్యెను. నేలలోని తేమ గోడ అడుగునుండి పైకి ప్రాకుచుండును. మట్టియు సున్నమును సన్నని రంధ్రములు కలవి గనుక, ఆ తేమ గాలికి ఆరిపోవును. సిమెంటు పూత గట్టిది, తేమను సులభముగ వెలికి పోనీయదు. వెలికి పోలేని తేమ గోడలోనే నిలిచి మట్టిని మెత్తపరచును. సిమెంటును మట్టియు ఒక తీరున వ్యాకోచింపవు, సంకోచింపవు గనుక పూత బీటలువారును. ఆ బీటలగుండ వాననీరు లోనికి దిగును. ఒక్క వర్షర్తువులోనే మా నడిమి గది గోడ పొట్టవలె ఉబ్బెను. పూతపై కొట్టి చూచిన డొల్ల చప్పుడు వచ్చెను. 1824లో ఇంగ్లాండు దేశమున జోసెఫ్ ఆస్పిడిన్ అనునాతడు పేటెంటు పొందిన పోర్ట్‌లాండు సిమెంటు గొప్ప వస్తువే. ఇటుకకును రాతికిని అది మిత్రము. మట్టిగోడకు మాత్రము అది మిత్రము కాదు.

రెండవ తప్పు నేలకు చేసితిని. పేడతో అలికిన నేలయు, కొన్ని గదులలోని నాపరాతి నేలయు తీయించి నున్నని టైల్సు పరిపించితిని. చూచినవారందరు అద్దమువలె నున్నదని మెచ్చుకొనిరి. 2018 శ్రావణమాసమున ఒకనాటి తెల్లవారుజామున మా అమ్మ పెరటిలోని మరుగుదొడ్డికి పోవుటకై లేచి, వంటింటి గడప దాటుచు తడికాలు జారి పడెను. తుంటి యెముక విరిగెను. నడిమి గదినుండి మరుగుదొడ్డికి పోవలెనన్న మూడు గడపలు, రెండు మెట్లు, వానలో తడియు ముప్పదియడుగుల పెరడు దాటవలెను. ఇంతకాలము ఆమె ఈ దూరమును ఎట్లు నడచుచుండెనో నేను ఒక్కనాడైనను ఆలోచింపలేదు. గోడలకు రంగులు ఏరుటకు మాత్రము వారము దినములు ఆలోచించితిని.

ఆమె మంచముననే యుండగా తిత్లీ తుఫాను వచ్చెను. శరన్నవరాత్రములు ప్రారంభమైన మరునాడు, అనగా 2018 అక్టోబరు 11వ తేదీ వేకువను, అది పలాస చేరువ తీరము దాటెను. గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగముతో గాలి వీచెను. ఉద్దానపు కొబ్బరి తోటలు నేలమట్టమైన సంగతి మీకందరకు తెలియును. మా యింటి కప్పున వీథివైపు చూరు మొదట లేచెను. చూరు లేచిన పిమ్మట పెంకులు పేకముక్కలవలె ఎగురసాగెను. అమ్మను పొరుగువారి శ్లాబు ఇంటికి చేర్చవలెను. ఆమెను మంచముతో ఎత్తితిమి గాని, నడిమి గది ద్వారము ఇరుకుగుటచే మంచము దాటలేదు. చీకటిలో, వానలో, విరిగిన తుంటితో నున్న ఆమెను దుప్పటిలో వేసి నలుగురము మోయవలసి వచ్చెను. ఆమె నోరు మెదపలేదు. ఆ మౌనము నాకు నేటికిని మరపునకు రాదు.

తుఫాను వెలిసిన పిమ్మట మా కుమారుడు వచ్చి, "నాన్నగారూ, ఈ గోడలమీదనే శ్లాబు వేయించేద్దాం. ఇక గాలికి భయముండదు" అనెను. అతని భయము న్యాయమైనదే. కాని ఈ సారి నేను తొందరపడలేదు. తెలిసిన ఇంజనీరు నొకరిని పిలిచి లెక్క వేయించితిని. ఆ లెక్క మీరును వినుడు.

నాలుగు అంగుళముల మందముగల కాంక్రీటు శ్లాబు చదరపు అడుగునకు సుమారు 23 కిలోల బరువుండును. బద్దలతో కూడిన మంగుళూరు పెంకు కప్పు చదరపు అడుగునకు సుమారు 6 కిలోలు. పది అడుగులు, పన్నెండు అడుగుల గది నొకదానిని తీసికొనుడు. పెంకు కప్పైన గోడలపై పడు భారము ఇంచుమించు 700 కిలోలు. శ్లాబైన 2,800 కిలోలకు చేరువ. తేమకు మెత్తబడిన మట్టిగోడ, పునాది లోతు ఎంతయో తెలియని గోడ, నాలుగు రెట్ల భారమును మోయునా? అందును మన వరుస యిండ్లలో ప్రక్కగోడ మన యొక్కరిది కాదు. మన శ్లాబు భారము పొరుగువారి కప్పును మోయు గోడమీదనే పడును. వారు ఒప్పుకొనకుండ ఆ గోడను త్రవ్వుటయు, దానిపై దూలము మోపుటయు ధర్మము కాదు, క్షేమమును కాదు. శ్లాబు కావలెనన్నచో మన స్థలములోనే వేరుగ పునాదులు తీసి, స్తంభములు నిలిపి, ఆ భారమును వానిపై దింపవలెను. అది క్రొత్త యిల్లు కట్టుటయే గాని పాత యిల్లు బాగుచేయుట కాదు.

ఇట్లనుటచే నేను శ్లాబునకు విరోధినని తలపవలదు. ఏ యిల్లు పడగొట్టవలెనో, ఏ యిల్లు నిలుపవలెనో తెలిసికొనుటకు తేలికయైన పరీక్షలు కలవు. దారమునకు గుండు కట్టి గోడప్రక్కన వ్రేలాడదీసి, గోడ వెలుపలికి వాలినదేమో చూడుడు. బీట యున్నచోట దానికి అడ్డముగ ఒక కాగితపు ముక్క గట్టిగ అంటించి తేదీ వ్రాయుడు. రెండు మూడు నెలలలో కాగితము చినిగినచో ఆ బీట ఇంకను పెరుగుచున్నదన్నమాట. దూలముల కొనలు గోడలో దిగినచోట శీలతో పొడిచి చూడుడు. శీల సులభముగ దిగినచో చెదలు తినివేసినవని తెలియును. గోడ వాలి, బీట పెరుగుచు, దూలములు పుచ్చియున్నచో ఆ యింటిపై మమకారము విడిచి పడగొట్టుటయే మేలు. ముసలివారి పట్టుదల కొరకు పిల్లల ప్రాణములను పుచ్చిన దూలము క్రింద నుంచరాదు. మా యింట గోడలు నిటారుగ నిలిచియుండెను, చేవగల తాటి దూలములు చెక్కు చెదరలేదు. కావున నిలుపుటకు నిశ్చయించితిమి.

2019 వేసవిలో పని మొదలిడితిమి. ఆ వృద్ధ మేస్త్రీ ఇంటికి నేనే పోయి పిలిచి తెచ్చితిని.

మొదట కప్పు. గాలి కప్పును క్రిందికి నొక్కునని మనము అనుకొందుము. నిజమునకు తుఫాను గాలి కప్పును పైకి పీల్చును. మన కప్పులు బరువుచేతనే నిలిచియుండును గాని గోడకు కట్టబడి యుండవు. అందుచే వాసములను దూలములకును, దూలములను గోడలకును ఇనుపపట్టీలతో, బోల్టులతో బిగింపించితిమి. చూరును గోడకు వెలుపల అడుగున్నరకు మించకుండ తగ్గించితిమి. వీథి అరుగుపై పందిరి కప్పు పూర్వము పెద్ద కప్పుతో కలిసియుండెడిది. గాలికి అదియే మొదట లేచి పెద్ద కప్పును కూడ లేపెను. ఇప్పుడు దానిని వేరుచేసి కొంచెము దిగువగ కట్టించితిమి. ఇక అది ఎగిరినను ఇల్లు నిలుచును. నాటు గూనపెంకుకు బదులు మంగుళూరు పెంకు వేయించితిమి. మనవారు దానినే బెంగుళూరు పెంకు అందురు. 1865లో మంగుళూరులో బాసెలు మిషనువారు నెలకొల్పిన కర్మాగారము నుండి ఈ పెంకు దేశమంతట వ్యాపించెను. ఒకదాని అంచు మరియొకదాని గాడిలో కూర్చుండును. చూరు వరుసలను, నడికొప్పు వరుసను తీగతో బద్దలకు కట్టించితిమి.

కప్పునకు సిమెంటు రేకులు వేయుమని కొందరు చెప్పిరి. వేసవిలో వానిక్రింద నుండలేము. గాలికి పగిలిన ముక్క కత్తివలె ఎగురును. ఆస్‌బెస్టాసు కలిసిన రేకులను కోయునప్పుడు లేచు ధూళి ఊపిరితిత్తులకు కాన్సరు తెచ్చునని ప్రపంచారోగ్య సంస్థవారు నిర్ణయించియున్నారు. ఇదివరకే అట్టి రేకులున్న యిండ్లవారు వానిని కోయుట, పగులగొట్టుట చేయకుందురు గాక.

వెలుతురు కొరకు గోడ పగులగొట్టుట అవసరము లేకపోయెను. మంగుళూరు పెంకు ఆకారముననే గాజు పెంకులు దొరకును. నడిమి గదిపై నాలుగు, గాదె గదిపై రెండు గాజు పెంకులు పెట్టించితిమి. నూరేండ్ల చీకటి వాని వలన తొలగినది. గోడలకు తెల్లని సున్నము వేసినచో ఆ వెలుతురు ఇబ్బడి యగును.

పిమ్మట గోడలు. సిమెంటు పూత యంతయు తీసివేసి, వేసవి యెండలో రెండు నెలలు గోడలను ఊరక ఆరనిచ్చితిమి. ఈ ఆరవేయుటకు ఓపిక కావలెను. ఆ తరువాత ఊకయు తరిగిన గడ్డియు కలిపి త్రొక్కి నానవేసిన మట్టితో గుంటలు పూడ్చి, దానిపై సున్నపు పూత పూసితిమి. ఒక పాలు సున్నమునకు రెండు మూడు పాళ్ల ఇసుక కలిపి మెత్తగ నూరవలెను. పూర్వము గానుగలో నూరి, బెల్లపు నీరును కరక్కాయ నీరును చేర్చెడివారు. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగ పీల్చుకొని మరల రాయిగా మారును. అందుచే దానికి కాలము పట్టును. కొన్ని దినములు తడి చల్లుచుండవలెను. వెలుపల గోడ అడుగున వాననీరు నిలువకుండ వాలుగ గట్టును, కాలువయు కట్టించితిమి. గోడల రోగములలో పెక్కింటికి ఈ కాలువయే మందు.

ఇక గదుల సంగతి. ఈ విషయమున మా అమ్మయే మాకు గురువు. మంచముపై నుండియే ఆమె, "నాయనా, నాకు మేడ ఎందుకురా? మంచం దిగితే చేతికి ఏదైనా దొరకాలి. అంతే" అనెను. ఈ రెండు మాటలపైననే మా లోపలి మార్పులన్నియు నడచినవి.

గాదె గది వట్టిగ నుండెను గదా, దానిలో సగమును మరుగుదొడ్డియు స్నానపు గదియుగ మార్చితిమి. మిగిలిన సగమును నడిమి గదితో కలిపి అమ్మ గదిగ చేసితిమి. ద్వారము మూడడుగుల వెడల్పు, అనగా మంచమును గాని చక్రముల కుర్చీని గాని దాటింపదగినంత. స్నానపు గది తలుపు వెలుపలికి తెరచుకొనును. లోపల మనిషి పడినను తలుపునకు అడ్డు రాదు. కమోడు కూర్చుండు ఎత్తు 18 అంగుళములు. ప్రక్క గోడకు గట్టి ఇనుప పట్టుకఱ్ఱలు. నేలకు గరుకైన పలకలు. మంచమునుండి మరుగుదొడ్డికి ఏడడుగులు, దారిలో రాత్రియంతయు వెలుగు చిన్న దీపము.

గడపల విషయమున ఇంటిలో కొంత వాదము జరిగెను. గడప లక్ష్మీస్థానమనియు, తీయరాదనియు నా భార్య అనెను. ఆమె మాట త్రోసివేయదగినది కాదు. పెద్ద గుమ్మపు గడపను కదపక, నేటికిని పసుపు కుంకుమలతో పూజించుచున్నాము. లోపలి గడపలను మాత్రము నేలకు సమము చేసితిమి. మెట్లున్నచోట వాలుదారి కట్టించితిమి. ఒక అడుగు ఎత్తునకు పన్నెండడుగుల పొడవు వాలు ఉండవలెను. అంతకంటె నిట్రముగ నున్నచో ముసలివారికి అది మెట్టుకంటె ప్రమాదము.

మురికినీటికి పెరటిలో రెండు గోతుల పద్ధతి అనుసరించితిమి. ఒక గొయ్యి నిండిన పిమ్మట దానిని మూసి రెండవదానిని వాడుచుందుము. మూసినది ఏడాది, రెండేడులు కదపకుండ నున్నచో వాసనలేని ఎరువగును. అయితే మంచినీళ్ల నూతికి ఈ గోతులు కనీసము 10 మీటర్లు, అనగా 33 అడుగులు, దూరముండవలెను. వరుస యిండ్లలో మన నుయ్యినే కాక పొరుగువారి నుయ్యిని కూడ కొలిచి చూడవలెను.

వంటింటిలో కట్టెల పొయ్యి పొగచే నా భార్య కండ్లు చాలకాలము బాధపడినవి. 1999లో దీపము పథకముతోను, 2016లో ఉజ్జ్వల పథకముతోను వంటవాయువు పల్లెలకు విరివిగ వచ్చినది. కాని పాత వంటింటిలో దానిని పెట్టునప్పుడు ఒక సంగతి మరువరాదు. పొగ పైకి పోవును, ఈ వాయువు గాలికంటె బరువైనది గనుక క్రిందికి దిగి నేలపై నిలుచును. అందుచే పై గవాక్షముతోబాటు నేలమట్టమున కూడ వెలుపలికి ఒక గాలిరంధ్రము ఉండవలెను. సిలిండరును నిలువుగ నేలపై నుంచి, పొయ్యిని దానికంటె ఎత్తైన గట్టుపై పెట్టవలెను.

విద్యుత్తు తీగల విషయమున పిసినితనము కూడదు. పూర్వము రెండు దీపములకు లాగిన తీగపైననే నేడు పంకా, శీతలపేటిక, నీటి మోటారు నడచుచున్నవి. తీగలు మార్చి, భూమికి కలుపు తీగ వేసి, 30 మిల్లీ ఆంపియర్ల ప్రవాహము జారినను తక్షణము నిలుపు రక్షకమును పెట్టించితిమి. తేమగల గోడలున్న యింట ఇది ప్రాణరక్షకము.

సముద్రతీరపు గ్రామములవారికి ఒక మాట. ఉప్పుగాలి ఇనుమును తినివేయును. కాంక్రీటు పని యేదైనను చేయించునప్పుడు సముద్రపు ఇసుకను వాడనీయకుడు, కడ్డీలపై కాంక్రీటు పలుచగ నుండనీయకుడు, కనీసము వారము పది దినములు తడి ఆరనీయకుడు. విజయనగరము జిల్లా లోపలి గ్రామములవారికి ఉప్పు బాధ తక్కువ, చెదల బాధ ఎక్కువ. కొయ్య ఎక్కడను మట్టిని తాకకుండ చూచుకొనవలెను.

వాస్తు సంగతి అడుగువారు మీలో కొందరుందురు. వరాహమిహిరుని బృహత్సంహితలో భూపరీక్ష చెప్పబడినది. మూరెడు గొయ్యి త్రవ్వి అదే మట్టితో పూడ్చి చూడుమనియు, మట్టి మిగిలిన మంచిదనియు, నీరు నింపి నూరడుగులు నడచి వచ్చి చూడుమనియు అందున్నది. నేల గట్టిదా, నీటిని ఎంత త్వరగ పీల్చును అని తెలిసికొనుటకే గదా ఇది. ఇట్టి శాస్త్రమును గౌరవింపుడు. కాని శాస్త్రము పేరు చెప్పి బరువు మోయు గోడను పడగొట్టుమనువాని మాట వినుటకు ముందు, ఆ గోడ దేనిని మోయుచున్నదో ఇంజనీరు నడుగుడు.

ఖర్చు విషయమున ఒక క్రమము చెప్పెదను. మొదట నీరు, అనగా కప్పు కారుటయు, గోడ అడుగున నిలుచుటయు మాన్పుడు. రెండవది గోడల, దూలముల బలము. మూడవది మరుగుదొడ్డి, వంటిల్లు, విద్యుత్తు. నాలుగవది వెలుతురు. రంగులును నునుపులును అన్నిటికంటె కడపట. నేను ఈ క్రమమును తలక్రిందు చేసితిని. అందుచే ఒకే యింటికి రెండుమారులు వ్యయము చేసితిని. సొమ్ముకంటె అధికమైనది మా అమ్మ చెల్లించెను. పనిని సంక్రాంతి వెళ్లిన పిమ్మట మొదలిడి, మృగశిర కార్తె ప్రవేశించు లోపల కప్పు పని ముగించుడు.

మా అమ్మ ఆ గదిలో రెండేండ్లు ఉండినది. పట్టుకఱ్ఱలు పట్టుకొని, ఒకరి సాయము లేకయే మరుగుదొడ్డికి పోయివచ్చెడిది. గాజు పెంకులనుండి పడు ఎండ నేలపై ఎక్కడికి జరిగినదో చూచి ప్రొద్దెంతయైనదో చెప్పెడిది. 2021లో తన మంచముపైననే, తన యింటనే కన్నుమూసినది. ఆ గదిలో ఇప్పుడు నేనును నా భార్యయు నున్నాము. ఆమె కొరకు కట్టినది మాకు అక్కరకు వచ్చినది.

పెద్దలారా, ఈ రాత్రి మీరు ఒక చిన్న పని చేయుడు. మీ యింట అందరికంటె వృద్ధులైనవారు ఎక్కడ పరుండుదురో అక్కడినుండి మరుగుదొడ్డివరకు, దీపము ఆర్పి, మెల్లగ నడచి చూడుడు. ఎన్ని గడపలు, ఎన్ని మెట్లు, ఎక్కడ తడి, ఎక్కడ చేతికి ఆధారము లేదు అని లెక్కింపుడు. తెల్లవారినంతనే ఆ లెక్కను కాగితముపై వ్రాసి, మేస్త్రీని పిలుచుటకు ముందు ఇంటిల్లిపాదికిని చదివి వినిపింపుడు. మీ యింటి జీర్ణోద్ధారమునకు అదియే మొదటి ప్రణాళిక. సెలవు.